నాలుగో నంబరు ప్రశ్న

భూమ్మీద కట్టయ్యకు ఒక్కడే శత్రువు. వాడి పేరు వెంకట్రాం పటేలు. మిగిలినవాళ్ల మీద ఉన్నది ఒట్టి కోపమే.

ఈదులకుంటకు వచ్చే పిల్లకాలువ వెంకట్రాం మామిడితోట నడుమ నుంచి పోవాలని మొదటి సర్వే చెప్పింది. రెండో సర్వేకు వచ్చినవాళ్లు అదే తోటలో నాటుకోడి తిని, నీడన ఒక కునుకు తీసి లేచేసరికి కాలువకు వంకర పుట్టింది. తోట గేటు దాకా తిన్నగా వచ్చిన గీత, అక్కడ పామును చూసినట్టు పక్కకు మళ్లి, కట్టయ్య వరిపొలంలో పడి, తోట దాటాక మళ్లీ బుద్ధిగా దారికొచ్చింది. కట్టయ్య చదివింది అయిదో తరగతే. అయినా, కోడికూర వాసన పట్టి నీళ్లు నడవవని తెలియడానికి ఆ చదువు చాలు.

అటునుంచి తవ్వుకుంటూ వచ్చారు, ఇటునుంచీ తవ్వుకుంటూ వచ్చారు. నడుమ కట్టయ్య పొలం ఒక్కటే మిగిలింది. పరిహారం తీసుకొమ్మంటే అతను సంతకం పెట్టలేదు. కాలువ వంకర తీసేదాకా తన మడిలో గడ్డపార దిగనివ్వనని పెళ్లాం లక్ష్మీనర్సమ్మ మీద ఒట్టు పెట్టుకున్నాడు.

"నా మీదెందుకు ఒట్టు? ఆ పటేలు మీద పెట్టుకో. ఒట్టు తప్పితే వాడన్నా పోతడు," అన్నది ఆమె.

అవి సకల జనుల సమ్మె అయిపోయి, చలి ముదిరిన రోజులు. ఊళ్లో తెలంగాణ కోసం రిలే నిరాహారదీక్షల శిబిరం అఫ్జల్ చాయ్ హోటల్ ముందు నడుస్తోంది. అఫ్జలే కన్వీనరు. కట్టయ్య ఒకనాడు పోయి అతని పక్కన కూర్చున్నాడు.

"అఫ్జల్ భాయ్, దీక్షల కూసున్నోళ్ల ముక్కు ముంగట నువ్వు మిర్చి ఏంచవడితివి. పాపం తలుగుతది. శిబిరం మా పొలం కాడికి మారుద్దాం. గాలి మంచిగొస్తది."

"మరి నా గిరాకీ?"

"కెటిల్ పట్టుకొని రా. చాయ్ దీక్షల నడుస్తది."

అలా టెంటు వచ్చి, సరిగ్గా కాలువకు పాతిన హద్దురాళ్ల మీద వెలసింది. నాలుగు రోజులకు కాలువ తవ్వడానికి కంట్రాక్టరు పంపిన ప్రొక్లెయిన్ వచ్చింది. డ్రైవరు టెంటు మీది జెండాను చూశాడు, దిగి దండం పెట్టాడు, "జై తెలంగాణ" అన్నాడు, చాయ్ తాగి, వచ్చిన దారినే పోయాడు. ఆ రోజుల్లో ఆ జెండా ఎగిరే టెంటును కదిపే మొనగాడు జిల్లాలో లేడు. దీక్షలో కూర్చున్నంతసేపు కట్టయ్యకు ఆకలి కూడా అయ్యేది కాదు. పక్కనే తన నారుమడి పచ్చగా కనపడుతుంటే కడుపు నిండుగానే ఉండేది.

అఫ్జల్ మాత్రం ఆలోచనాపరుడు. "కట్టన్నా, తెలంగాణ నేడో రేపో అచ్చేటట్టే ఉన్నది. అచ్చిందంటే టెంటు పీకుడే. అప్పుడేం జేస్తవ్?" అన్నాడు.

ఆ పూట కట్టయ్య, జన్మలో మొదటిసారి, తెలంగాణ జర నిదానంగా వస్తే బాగుండునని కోరుకున్నాడు. కోరుకున్నందుకు తనను తానే తిట్టుకున్నాడు కూడా.

"దీనికి ఒక్కటే మందు," అన్నాడు అఫ్జల్. "మన ఎమ్మెల్యే సాబ్ అసెంబ్లీల అడగాలె. అక్కడ అడిగితే మంత్రి లేచి నిలవడి జవాబు చెప్పాలె. ఖానూన్ అది."

ఎమ్మెల్యే ఇంట్లో దొరకలేదు. ఆయన పీఏ మధుకర్ దొరికాడు. సన్నటి కుర్రాడు, రెండు ఫోన్లు, కళ్లకింద నల్లటి చారలు. కట్టయ్య చెప్పిందంతా విని, "నక్షత్రం గుర్తు ప్రశ్న ఏద్దాం కాకా," అన్నాడు.

"నక్షత్రమెందుకు?"

"నక్షత్రముంటే మంత్రి నోటితోని చెప్పాలె. లేకుంటే కాయితం మీద రాసిచ్చి చేతులు దులుపుకుంటడు."

"అయితే రెండు నక్షత్రాలు పెట్టు. రాయి: వెంకట్రాం పటేలు అనేటోడు..."

"పేర్లు రాయొద్దు. ప్రైవేటు మనుషుల మీద నింద అని కొట్టేస్తరు."

"కోడికూర సంగతి?"

"ఊహలు రాయొద్దు."

"ఊహ గాదు, తిన్న కోడి బొక్కలు తోటల్నే ఉన్నయ్. పోనీ, సర్వేయరు దొంగ అని రాయి."

"తిట్లు అసలే రాయొద్దు. ప్రశ్నల అభిప్రాయం ఉండొద్దు, వాదన ఉండొద్దు, ఎకసెక్కెం ఉండొద్దు. ఒక్కనికి పనికచ్చేది గాదు, పదిమందికి పనికచ్చేది ఉండాలె."

కట్టయ్య చెప్పినదాంట్లోంచి ఇవన్నీ తీసేస్తే మిగిలింది కాలువ ఒక్కటే. మధుకర్ కాసేపు పెన్ను కొరికి, రాసింది చదివాడు: "(అ) ఈదులకుంట పిల్లకాలువ పని ఆలస్యమగుచున్న మాట వాస్తవమేనా? (ఆ) అయినచో, అందుకు కారణములేవి? (ఇ) ఎప్పటిలోగా పూర్తిచేయబడును?"

"ఓరి బిడ్డా, పూర్తి చెయ్యమని నేనెక్కడ అన్న?"

"తొందరపడకు కాకా. ప్రశ్న అంటే తలుపు గొట్టుడే. మంత్రి లేచి 'అవునండి, ఆలస్యమైంది' అంటడు. అప్పుడు మన సార్ లేచి అనుబంధ ప్రశ్న అడుగుతడు: 'ఎందుకైంది? వంకరెవలు పెట్టిండ్రు?' అని. మొత్తం సభల మంత్రి నీళ్లు నములుతడు. అసలు కథ అనుబంధంల ఉంటది."

మంత్రి నీళ్లు నమిలే దృశ్యం కట్టయ్యకు బాగా నచ్చింది. సరేనన్నాడు.

ప్రశ్న అచ్చులో పడింది. బుధవారం నాడు నాలుగో నంబరు. చీటీలు తీసి నంబర్లు వేస్తారనీ, రోజుకు పది ప్రశ్నలే వస్తాయనీ, నాలుగో నంబరు రావడమంటే నసీబు అనీ మధుకర్ ఫోన్ చేసి చెప్పాడు. గ్యాలరీకి రెండు పాసులు కూడా తెస్తానన్నాడు. కట్టయ్య ఊరంతా తిరిగి చెప్పాడు. పనిలో పనిగా మామిడితోట పక్కనుంచి పోతూ రెండుసార్లు దగ్గాడు.

సోమవారం కాలువల ఇంజనీరు జీపులో వచ్చాడు. అదివరకెప్పుడూ కట్టయ్యను 'ఏయ్' అనే పిలిచిన మనిషి, ఆ రోజు టెంటులో అతని పక్కనే చాప మీద కూర్చున్నాడు.

"నువ్వేనా ప్రశ్న ఏయించింది? శభాష్. మాకు పైనుంచి ఒకటే ఫోన్లు. జవాబు రాసి పంపుండ్రి, రాసి పంపుండ్రి అని."

"మరి రాసిండ్రా సారూ?"

"రాసినం, రాసినం. నువ్వు గూడ పోతున్నవా వినుటానికి?"

"నేను, అఫ్జల్ భాయ్ పోతున్నం."

"మరి శిబిరం?"

"బుధవారం మానుకోటల రాస్తారోకో ఉన్నది. అందరు ఆడికే పోతరు. జెండా కాడ మా ఆమె ఉంటది." కట్టయ్య ఆ మర్యాదకు ఉబ్బిపోయి, అడిగినదీ అడగనిదీ అంతా చెప్పేశాడు.

"మంచిది, పోయి రా. మళ్లమళ్ల దొరకదు. జర ఆఖరుదాకా కూసొని చూడు," అని ఇంజనీరు చాయ్ తాగి, డబ్బులిచ్చి మరీ పోయాడు. సర్కారు మనిషి చాయ్ పైసలిచ్చినప్పుడే అనుమానం రావలసింది. రాలేదు.

మంగళవారం మధ్యాహ్నం ఇద్దరూ కేసముద్రంలో రైలెక్కారు. బుధవారం పొద్దున్నే అసెంబ్లీ గేటు దగ్గర ఫోన్లు తీసుకున్నారు, బీడీకట్ట తీసుకున్నారు, అఫ్జల్ మెడలోని కండువా తీసుకున్నారు. గ్యాలరీలో కూర్చోబెట్టి, చప్పట్లు కొట్టొద్దు, ముందుకు వంగొద్దు, మాట్లాడొద్దు అని చెప్పారు.

"దీక్షకంటే కష్టమున్నది," అన్నాడు అఫ్జల్ చెవిలో.

కింద సభ పెళ్లిపందిరిలా మెరుస్తోంది. స్పీకరు రాగానే అందరూ లేచారు, అందరూ కూర్చున్నారు. అందరూ కూర్చున్నారనుకుంటుండగానే సగంమంది మళ్లీ లేచారు. అట్టలు పైకెత్తి, "జై తెలంగాణ!" అంటూ స్పీకరు పోడియం చుట్టూ మూగారు. అందరికన్నా ముందు ఎవరున్నారని చూస్తే, తమ ఎమ్మెల్యే. అది చూసి అవతలివైపు వాళ్లు "సమైక్యాంధ్ర!" అని లేచారు.

అఫ్జల్ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "చూసినవా కట్టన్నా! సార్ ఎట్ల గర్జిస్తుండో!"

కట్టయ్యకూ రోమాలు నిక్కబొడిచాయి. కాసేపు. తర్వాత గోడ గడియారం వైపు చూశాడు.

"ప్రశ్నోత్తరాల సమయం ప్రజలది. దయచేసి మీ స్థానాల్లోకి వెళ్లండి," అంటున్నాడు స్పీకరు. ఆయన మొదటి ప్రశ్న నంబరు పిలిచాడు. ఎవరో మంత్రి లేచి పెదవులు కదిపాడు. ఏం చెప్పాడో ఆయన ముందున్న మైకుకే తెలియాలి. సభ అరగంట వాయిదా పడింది. అందరూ నవ్వుకుంటూ, ఒకరి భుజాల మీద ఒకరు చేతులేసుకుని బయటకు పోయారు. అరగంటకు మళ్లీ వచ్చి, మళ్లీ అట్టలెత్తారు.

"భాయ్, గీ ప్రశ్నలు గంటసేపేనాయె?" అన్నాడు కట్టయ్య.

"గంటనే."

"మరి మన సార్ నాలుగో నంబరు దాక ఆగి లొల్లి జేస్తే ఏం పోతది? తెలంగాణ ఏడికి పోదు గదా?"

"తోబ తోబ! ఏం మాటలన్నా అవి?"

గడియారం ముల్లు గంట మీదికి జరుగుతోంది. స్పీకరు పుస్తకం మూయబోతున్నాడు. కట్టయ్యకు కింద సభ కనపడటం మానేసి, గట్టు మీద హద్దురాళ్లు కనపడ్డాయి. లేచి, కటకటాల మీదికి వంగి, పొలంలో పందులను కొట్టే గొంతుతో అరిచాడు: "సారూ! జర కూసో! సారూ, నాలుగో నంబరు! నా కాలువ!"

ఎమ్మెల్యే తలెత్తి చూశాడు. తమ ఊరి ముఖమే అని గుర్తుపట్టి, పిడికిలి పైకెత్తి, ఇంకా గట్టిగా "జై తెలంగాణ!" అన్నాడు. సభ మరుసటి రోజుకు వాయిదా పడింది. ఇద్దరు మార్షల్స్ కట్టయ్యను చెరో రెక్క పట్టుకుని ఒక గదిలోకి తీసుకుపోయారు.

"ఏం నినాదం ఇచ్చినవ్?" అని అడిగాడు పోలీసాయన.

"కూసో అన్న సారూ."

"ఎవరిని?"

"మా ఎమ్మెల్యేనే."

పోలీసాయన కలం పక్కన పెట్టాడు. "సభ ఆగాలని ఒర్లినోళ్లను పట్టుకున్న గాని, నడవాలని ఒర్లినోణ్ని నా సర్వీసుల నిన్నే చూసిన. దీనికి ఏ సెక్షన్ రాయాలె నేను?" అని మందలించి వదిలేశాడు.

బయట మధుకర్ ఎదురొచ్చాడు, చేతిలో అచ్చు కాగితాలతో. "కాకా, నీ ప్రశ్నకు జవాబు అచ్చింది."

"సభనే నడవకపాయె, జవాబెట్ల అచ్చింది?"

"రూలున్నది. వంతు రాని ప్రశ్నలకు జవాబులు సభ ముందు పెట్టినట్టు అనుకుంటరు. అడిగినట్టు, చెప్పినట్టు, అందరు విన్నట్టు."

కట్టయ్య కాగితం లాక్కుని, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాడు. "(అ) లేదండి. సదరు పని పూర్తయినది. (ఆ), (ఇ) ఈ ప్రశ్నలు ఉత్పన్నం కావు."

పెద్దగా నవ్వాడు. "పూర్తయిందట! మా టెంటు కింద హద్దురాళ్లు గట్లనే ఉన్నయ్! దొరికిండు మంత్రి!"

మధుకర్ ముఖం వెలిగింది. "నిజమా కాకా? సభకు అబద్ధం చెప్పిండని సభాహక్కుల నోటీసు ఇయ్యొచ్చు. పేపర్ల పడతది! టెంటు ఫోటో దింపి పంపుమను."

గేటు దగ్గర ఫోన్ తీసుకోగానే అది మోగింది. లక్ష్మీనర్సమ్మ.

"ఏడ సచ్చినవయ్యా! పొద్దటిసంది చేస్తున్న!"

"ఇగో, మన టెంటు ఫోటో..."

"ఏ టెంటు? మూడు ప్రొక్లెయిన్లు అచ్చినయ్. ఒక్కొక్కదానికి మనదానికంటే పెద్ద జెండా. 'జై తెలంగాణ అమ్మా' అని కాళ్లు మొక్కిండ్రు. నేను గూడ జై తెలంగాణ అన్న. అనకుంటే ఎట్ల? ఎనుకకు మర్లి చూసేసరికి టెంటు మంచిగ మడతవెట్టి గట్టు మీద వెట్టిండ్రు. నారుమడి పాయె, నడిమి మడి పాయె. నేను అడ్డం పండుకుంటే ఇంజనీరు సార్ దుప్పటి తెచ్చి కప్పి, పక్కపొంటి తవ్విచ్చిండు."

కట్టయ్య ఫోన్లో విన్నది విన్నట్టు చెప్పాడు. మధుకర్ అంతా విని, నిట్టూర్చి, నోటీసు రాయడానికి తీసిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అయితే సభాహక్కులు లేవు కాకా. జవాబు నిజమే."

"మొన్న రాసిన జవాబు ఇయ్యాల ఎట్ల నిజమైతది?"

"ఆగింది అని రాస్తే, ఎందుకాగిందో చెప్పాలె. శిబిరం పేరు రాస్తే సభల ఇంకో లొల్లి. పూర్తయింది అంటే ఒక్క ముక్కల అయిపోతది. ముందుగాల రాసిండ్రు, ఆ ఎనుక తవ్విండ్రు."

ఊరికొచ్చేసరికి కూడలిలో ఫ్లెక్సీ కట్టి ఉంది. 'శాసనసభలో గళమెత్తి కాలువ పూర్తి చేయించిన మన ఎమ్మెల్యేకు కృతజ్ఞతలు.' అఫ్జల్ చెప్పనే చెప్పాడో, ఎవరు మోశారో కానీ, అసెంబ్లీలో తెలంగాణ నినాదాన్ని ఆపమన్నవాడని కట్టయ్యకు 'సమైక్యవాది' అని పేరు పడింది. మర్నాడు వెంకట్రాం పటేలు స్వయంగా ఇంటిముందుకొచ్చి, కట్టయ్యకు శాలువా కప్పబోయాడు.

"ఏండ్ల సంది గాని పని ఒక్క ప్రశ్నతోని చేయించినవు కట్టయ్యా. తోటకు తడి అందింది. నీ పేరు చెప్పుకొని తాగుతయి చెట్లు."

లక్ష్మీనర్సమ్మ చీపురు తిరగేసింది. పటేలు శాలువా తానే కప్పుకుని పోయాడు.

నెల తిరిగాక మధుకర్ ఏదో చావుకు ఆ ఊరొచ్చి, కట్టయ్య కాలువగట్టు మీద కూర్చుని ఉంటే చూసి, దగ్గరికి పోయాడు. నీళ్లు తన పొలంలోంచే పోతున్నాయి, తన పొలానికి తూము మాత్రం పెట్టలేదు.

"దిగులు వడకు కాకా. వచ్చే సమావేశాలల్ల ఇంకో ప్రశ్న ఏద్దాం. ఈసారి వంకర అనే మాట రాపిచ్చే జిమ్మేదారి నాది."

కట్టయ్య అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు.

"వద్దు బిడ్డా. ఒక్క ప్రశ్నకే ఎకరం పదిహేడు గుంటలు పాయె."