కుడి పక్క కుట్టు

నాలుగు చొక్కాలు మడత పెట్టి, మూడింటిని సంచిలో సర్ది, నాలుగోదాన్ని మంచం మీదే వదిలేసింది చెల్లెలు. సంచిలోవాటి పైన తువ్వాలు, రాత్రి వేసుకునే పైజామా, మోకాళ్ళకు రాసుకునే మందు సీసా పెట్టింది. సీసా మూత ఊడిపోతుందేమోనని ప్లాస్టిక్ కాగితం చుట్టి, దారంతో రెండు ముళ్ళు వేసింది.

"ఈసారి కూడా ఒకటి తక్కువ పెట్టావు," అన్నాడు అన్నయ్య, గుమ్మంలో నిలబడి టీ తాగుతూ.

"నాలుగు రోజులకి మూడు చాలవా? ఒంటి మీద ఒకటి ఉండనే ఉంటుంది."

"ఒంటి మీదది లెక్కేసి పెట్టావనే నమ్మమంటావా?"

ఆమె సంచి జిప్పు లాగింది. ఇంట్లోంచి ఎవరు ఊరికి బయలుదేరినా సంచి ఆమే సర్దాలి, అందులో ఏదో ఒకటి తక్కువ పెట్టాలి. ఆ తక్కువైన దాని కోసమైనా మనిషి వెనక్కి వస్తాడని ఆమె నమ్మకం. ఇది ఎవరో నేర్పింది కాదు. పెళ్ళైన పదకొండో నెలలో ఆమె భర్త, దూరాన పని దొరికిందని చెప్పి, తన సంచి తానే సర్దుకుని, ఉన్నవన్నీ పెట్టుకుని వెళ్ళాడు. ఆ తరువాత ఉత్తరం ముక్క లేదు. ఆర్నెల్లు చూసి అన్నయ్య వచ్చి ఆమెను తన రెండు గదుల ఇంటికి తీసుకొచ్చాడు. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిది, ఆయనకు ముప్పై మూడు. ఆయనది కరెంటు మీటర్లు చూసే ఉద్యోగం. సంబంధాలు తెచ్చిన చుట్టాలతో ఆయన ఒకే మాట చెప్పేవాడు: "చెల్లి ఉంది కదా." ఆ మాట విన్నప్పుడల్లా ఆమె తల దించుకుని వంటగదిలోకి వెళ్ళిపోయేది. తన మూలంగా ఆయన ఒంటరివాడై పోయాడని ముప్పై రెండేళ్ళుగా లోలోపల కుమిలిపోతూనే ఉంది.

"నాలుగు రోజులే కదా?" అని అడిగింది, తెలిసి తెలిసీ.

"నాలుగంటే నాలుగే. శనివారం పొద్దున్నే నీ ముందుంటాను."

ఆయన వెళుతున్నది కళ్ళజోళ్ళాయన దగ్గరికి. వాళ్ళ వీధి చివర మూడు దశాబ్దాలు కళ్ళజోళ్ళ షాపు నడిపిన మనిషి ఆయన. సన్నగా, పొడుగ్గా, నోట్లోంచి మాట ఊడిపడితే ఎక్కడ పగిలిపోతుందో అన్నట్టు నెమ్మదిగా మాట్లాడేవాడు. అన్నయ్య ప్రతి సాయంత్రం డ్యూటీ దిగి ఆ షాపులోనే కూర్చునేవాడు. ఆ ముసలి స్నేహం వీధి అంతటికీ తెలుసు. నిరుడు కళ్ళజోళ్ళాయనకు చేతులు వణకడం మొదలైంది. ఫ్రేముల చిన్న చిన్న మరలు బిగించలేక షాపు మూసేసి, సముద్రం పక్కనున్న తన తల్లిదండ్రుల నాటి ఇంటికి వెళ్ళిపోయాడు. రైల్లో ఎనిమిది గంటల దారి. అన్నయ్య ఇప్పటికి నాలుగుసార్లు వెళ్ళాడు, నాలుగేసి రోజులు ఉండి వచ్చాడు. రెండు వారాల కిందట కళ్ళజోళ్ళాయన స్నానాల గదిలో జారి పడ్డాడని పక్కింటివాళ్ళు ఫోన్ చేశారు. ఆ రోజు నుంచి అన్నయ్యకు ముద్ద దిగడం లేదు. అయినా నోటి వెంట మాత్రం అదే మాట, నాలుగు రోజులు.

"బండి ఐదున్నరకి. పోతూ పోతూ లైబ్రరీ దగ్గర కనిపించి వెళ్తాలే," అన్నాడు.

చెల్లెలు పనిచేసేది లైబ్రరీ వెనక గదిలో. చిరిగిన పుస్తకాలు కుట్టడం, అట్టలు వెయ్యడం ఆమె పని. గదికి ఒకటే కిటికీ, ఆ వెలుతురు పడేచోట పొడవాటి బల్ల. బల్ల మీద మైనం పట్టించిన దారపు ఉండ, మూడు సైజుల సూదులు, జిగురు గిన్నె, బరువు పెట్టడానికి రెండు ఇనప దిమ్మలు. సూది గుచ్చుకుని గుచ్చుకుని ఆమె కుడి బొటనవేలి మీద చర్మం గట్టిపడి, అద్దంలా మెరుస్తుంది. ఆమె చదువు ఐదో తరగతితోనే ఆగింది. మిగతాదంతా చిరిగిన పేజీలు అతికిస్తూ, ఒక్కో మాట కూడబలుక్కుంటూ నేర్చుకున్నదే. అందుకే ఆమెకు వందల కథలు తెలుసు గానీ, చాలావాటిలో మధ్య పేజీలే తెలుసు.

ఆ పూట బల్ల మీదున్నవి జపాన్ బొమ్మల కథలు. మన భాషలోకి మార్చి వేసినవి, మూడేళ్ళ కిందట లైబ్రరీకి వచ్చాయి. పిల్లల పుస్తకాలనుకుని పిల్లల అరలో పెడితే, వారం తిరిగేసరికి నలభై దాటిన ఆడవాళ్ళు వాటి కోసం వరస కట్టారు. ముఖ్యంగా ఈ కథ కోసం. మూడు భాగాలూ చేతులు మారి మారి, అట్టలూడి, విడి కాగితాలైపోయాయి. మూడింటినీ కలిపి ఒకే పుస్తకంగా కుట్టమని లైబ్రేరియన్ నిన్న తెచ్చి ఇచ్చింది. పొద్దున వచ్చీ రాగానే ఆమె పనిలో పడింది. చేతులు పని చేస్తున్నాయి, మనసు మాత్రం స్నానాల గదిలో జారి పడ్డ మనిషి చుట్టూ తిరుగుతోంది. పన్నెండయ్యేసరికి కుట్టు పూర్తయింది.

లైబ్రేరియన్ పుస్తకం చేతిలోకి తీసుకుని, తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది.

"అక్కా, ఎడమ పక్క కుట్టేశావు."

"ఏ పక్క కుట్టాలి మరి?"

"జపాన్ పుస్తకాలు కుడి నుంచి కదా చదవాలి. నువ్వే కదా ఇన్నాళ్ళూ వీటిని కుడి పక్క కుట్టింది. ఇప్పుడిది కుడి నుంచి తెరిస్తే ముందే చివరి పేజీ వస్తుంది చూడు."

చెల్లెలు చూసింది. నిజమే. ముప్పై ఏళ్ళుగా మన పుస్తకాలకి ఎడమ పక్కే కుట్టిన చేతి అలవాటు, మనసు కాపలా లేకపోయేసరికి, తన దారిన తాను పోయింది.

అప్పుడే పుస్తకం కోసం వచ్చిన నర్సు గుమ్మంలోంచి తల పెట్టింది. డ్యూటీ బట్టల్లోనే ఉంది.

"అయిపోయిందా పెద్దమ్మా? నా వంతు ఎప్పుడొస్తుందా అని మూడు నెలల్నించి కాచుకుని ఉన్నా."

"అయిపోయింది, అయిపోలేదు," అంది లైబ్రేరియన్ నవ్వుతూ. "పెద్దమ్మ కథని వెనక్కి తిప్పేసింది."

చెల్లెలు సిగ్గుపడుతూ దారం కత్తిరించడానికి చిన్న కత్తి తీసుకుంది. ఊరికే ఉండలేక అడిగింది. "ఏముందమ్మా ఇందులో? ఇద్దరు ముసలాళ్ళు. ఇద్దరూ మగాళ్ళే. మీరంతా ఎగబడి మరీ చదువుతారు."

నర్సు కుర్చీ లాక్కుని కూర్చుంది. "ముసలాళ్ళు కాబట్టే. కుర్రాళ్ళ ప్రేమలైతే ఒకటే అరుపులూ ఏడుపులూ. వీళ్ళకి తొందర లేదు. మొదటి భాగమంతా అయ్యాక ఒకడి చెయ్యి ఇంకొకడికి తగులుతుంది. అంతే. నాకైతే ఆ రాత్రి నిద్ర పట్టలేదు."

"మా ఆయన చెయ్యి టీవీ రిమోటుకి తప్ప దేనికీ తగలదు," అంది లైబ్రేరియన్.

"అదే మరి," అంది నర్సు. "పైగా ఇందులో పెళ్ళాం లేదు పెద్దమ్మా. పెళ్ళాం ఉన్న కథ చదివితే, ఆవిడ సరిగ్గా వండిందా, సర్దుకుపోయిందా, అందంగా ఉందా అని నన్ను నేనే కొలుచుకుంటూ కూర్చుంటా. ఇందులో ఆ గొడవ లేదు. ఇద్దరు మనుషులు ఒకళ్ళనొకళ్ళు చూసుకోవడం ఎలా ఉంటుందో ఓ పక్కన నిలబడి హాయిగా చూడొచ్చు. దీన్ని చూడ్డానికి నేను ఎవరికీ ఏమీ కానక్కర్లేదు."

రేపు వస్తానని చెప్పి ఆమె వెళ్ళిపోయింది. లైబ్రేరియన్ కూడా బయట బల్ల దగ్గరికి వెళ్ళింది. గదిలో చెల్లెలు, పుస్తకం మిగిలారు.

కుట్టు విప్పడం కుట్టడం కన్నా కష్టం. పేజీ చిరగకుండా ఒక్కో దారం తెంపి, ఒక్కో కాగితం విడదీయాలి. తీస్తున్న ప్రతి పేజీనీ ఆమె చూడక తప్పలేదు, చివరి నుంచి మొదటికి. చివరి పేజీలో ఇద్దరు నెరిసిన జుట్టు మగవాళ్ళు చిన్న వంటగదిలో ఉన్నారు. ఒకాయన మంగలి, రెండో ఆయన ఇస్త్రీ షాపు మనిషి. ఇస్త్రీ ఆయన నడుము వంగక స్టూలు మీద కూర్చుంటే, మంగలి కింద పాత పేపరు పరిచి ఆయన కాలి గోళ్ళు తీస్తున్నాడు. ఎవరూ మాట్లాడడం లేదు. బొమ్మలో ఒక్క మాట కూడా రాసి లేదు.

ఆమె చేతిలో కత్తి ఆగింది.

ఇది ఆమె చూసింది. నిరుడు షాపు మూసే ముందు, కళ్ళజోళ్ళాయనకు కూర ఇద్దామని వెళ్ళి షాపు వెనక తలుపు తోసింది. ఆయన కుర్చీలో ఉన్నాడు. అన్నయ్య నేల మీద కూర్చుని, ఆయన పాదం తన మోకాలి మీద పెట్టుకుని గోళ్ళు తీస్తున్నాడు. ఆమెను చూసి ఇద్దరూ తొట్రుపడలేదు. పాదం మాత్రం నెమ్మదిగా నేల మీదికి దిగింది. పాపం, చేతులు వణుకుతాయి కదా అనుకుని గిన్నె అక్కడ పెట్టి వచ్చేసింది.

మరో పేజీ తీసింది. ఇంకో పేజీ. వెనక్కి వెళుతున్న కొద్దీ ఇద్దరి జుట్టూ నల్లబడుతోంది. ఒక ఇల్లు రెండిళ్ళయింది. పక్కపక్కన కూర్చున్నవాళ్ళు ఎదురెదురుగా కూర్చున్నారు, ఆ పైన వీధికి చెరో పక్కన నిలబడ్డారు. తగిలిన చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది. ఎన్ని విడిపోవడాలు చూసిందో, ఆమెకు ఇది కూడా అలాగే అనిపించింది. మొట్టమొదటి పేజీలో మంగలి ఒక్కడే షాపు చూరు కింద వాన వెలిసేదాకా నిలబడి ఉన్నాడు. పక్కన ఎవరూ లేరు.

ఆమె కాసేపు ఆ ఒంటరి మనిషినే చూస్తూ కూర్చుంది. తరువాత కాగితాల దొంతర తిరగేసి, కుడి నుంచి, ఉండాల్సిన వరసలో, మాట మాట కూడబలుక్కుంటూ చదివింది. మధ్యాహ్నం అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. రెండో పేజీలో ఇస్త్రీ ఆయన పరిగెత్తుకుంటూ వచ్చి అదే చూరు కింద నిలబడ్డాడు. అటు నుంచి చూస్తే ఖాళీ అయిపోయిన చోటే, ఇటు నుంచి చూస్తే ఒక మనిషి వచ్చి నిలబడేచోటు. ఐదున్నర బండికి రెండు కొసలుంటాయని, ఆ రెండో కొసలో ఎవరో కూర్చుని గడియారం చూసుకుంటూ ఉంటారని, ఇన్నేళ్ళలో ఆమెకు ఒక్కసారీ తోచలేదు. "చెల్లి ఉంది కదా" అన్న మాట కూడా గుర్తొచ్చింది. ఆ మాటతో ఆయన ఇన్నాళ్ళూ ఆమెను అడ్డం పెట్టుకున్నాడు. ఆమె నిజంగానే అడ్డం నిలబడింది. నోరు తెరిచి పొమ్మంటే ఆయన పోతాడు. అనకపోతే శనివారం పొద్దున్నే వచ్చేస్తాడు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

నాలుగూ నలభైకి అన్నయ్య వచ్చాడు. నున్నగా గడ్డం గీసుకుని, తల దువ్వుకుని ఉన్నాడు. సంచి గుమ్మం పక్కన పెట్టి మంచినీళ్ళు అడిగాడు.

ఆమె గ్లాసు అందించింది. ఆయన తాగేదాకా ఆగింది.

"అన్నయ్యా, ఇప్పుడు ఆయన కాలి గోళ్ళు ఎవరు తీస్తున్నారు?"

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టబోయి, చేతిలోనే ఉంచుకున్నాడు. "ఎవరో ఒకరు."

"ఎవరో ఒకరు తీస్తే ఆయన ఊరుకుంటాడా?"

ఆయన ముఖం చెవుల దాకా ఎర్రబడింది. ఆ తరువాత స్టూలు మీద కూలబడినట్టు కూర్చున్నాడు. అరవై ఐదేళ్ళ మనిషి, తప్పు చేసి దొరికిన పిల్లాడిలా.

"ఎప్పటినుంచి తెలుసు?"

"ఏమో. ఇవాళే కాబోలు. నాలుగు రోజులని చెప్పకు ఇంక. ఉండిపో."

"నువ్వు ఒక్కదానివే అయిపోతావే."

"అవుతాను."

"రాత్రిళ్ళు నీకు భయం."

"నీ గురక లేకపోతే అసలు నిద్ర పడుతుందో లేదో, ఆ భయం తప్ప వేరే ఏమీ లేదు."

ఆయన నవ్వబోయాడు. నవ్వు మధ్యలో ముఖం తిప్పుకుని తువ్వాలు కోసం వెతికి, అది సంచిలో ఉందని గుర్తొచ్చి, మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆయన నన్ను చాలాసార్లు అడిగాడు. చెల్లెల్ని కూడా తీసుకురా అని."

"వాన వస్తే ఆ ఇల్లు కారుతుందని నువ్వే చెప్పావుగా. ఇద్దరికి గొడుగులు సరిపోతే చాలు," అంది. సంచి తీసి ఆయన చేతికిస్తూ, "బండి పోతుంది, లే," అంది.

గుమ్మం దగ్గర ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. చిన్నప్పుడెప్పుడో తప్ప పెట్టలేదు. "వస్తూ పోతూ ఉంటాలే," అన్నాడు.

"ఊఁ," అంది ఆమె.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా ఆమె నిలబడి చూడలేదు. లోపలికి వచ్చి, సూదికి దారం ఎక్కించి, ఈసారి కుడి పక్క కుట్టింది. ఆరున్నరకు లైబ్రేరియన్ పుస్తకం తీసుకుని తెరిచి చూసి, సరిగ్గా ఉందంది.

ఇంటికి వెళ్ళేసరికి స్నానాల గది అద్దం ముందు అన్నయ్య గడ్డం గీసుకునే బ్రష్షు ఉంది. హడావుడిలో మరిచిపోయాడు. కుచ్చు ఇంకా తడిగానే ఉంది, సబ్బు వాసన వేస్తోంది. పోస్టులో పంపనా అని ఆదివారం ఫోన్లో అడిగితే, కొత్తది కొన్నానులే అన్నాడు. వెనకనుంచి కళ్ళజోళ్ళాయన గొంతు, నెమ్మదిగా, చెల్లెలు భోంచేసిందా అని అడిగింది.

అన్నయ్య ఆ రెండు గదుల ఇంటికి మళ్ళీ రాలేదు. ఆయన వెళ్ళింది మార్చి పదకొండు, మంగళవారం, సాయంత్రం ఐదున్నర బండికి.