చచ్చినవాడి ఫిర్యాదు

పెరూ కొండల్లోని ఆ చిన్న ఊళ్ళో కోర్టు మెట్ల కింద రెండు టైపు బల్లలుండేవి. దోన్ అనాక్లేతోది ఇరవై రెండేళ్ళనాటి బల్ల. పక్కన దోన్యా దొమితీల బల్ల వేసి ఇంకా నాలుగేళ్ళే. దోన్ అన్నా, ఆడవాళ్ళకు దోన్యా అన్నా అక్కడ మన గారు లాంటిదే. అర్జీలూ ఫిర్యాదులూ కొట్టిపెట్టడం ఇద్దరి పనీ. దొమితీల కొట్టిన కాగితం సంతకం ఆరగానే బల్ల దిగి, మెట్లెక్కి, జడ్జిగారి ముందు వెళ్ళి పడుకునేది. వానొస్తే ఎవరో ఒకరు దానికి గొడుగు పట్టేవారు.

అనాక్లేతో కాగితాలు మాత్రం బీరువాల్లో ఏళ్ళ తరబడి మగ్గేవి. అతనికి కడుపు మండిపోయేది. "ఆవిడ రాసేది నాలుగు ముక్కలు. నాది నలభై పేజీలు, లాటిన్‌తో సహా," అని రోజంతా గొణిగేవాడు. ఒకసారి ఆవిడ భోజనానికి వెళ్ళినప్పుడు ఆవిడ కుర్చీలోనే కూర్చుని, ఆవిడ మిషన్ మీదే ఒక అర్జీ కొట్టి చూశాడు. కాగితం కదల్లేదు.

అతనికి అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటుంది. పదకొండేళ్ళ కిందట అదే పేరున్న పెదనాన్న పోతే, గుమాస్తా పొరపాటున ఇతని పేరు కొట్టేశాడు. రిజిస్టరు ప్రకారం అనాక్లేతో చచ్చిపోయాడు. బతికే ఉన్నానని పెట్టుకున్న అర్జీ కూడా బీరువాలోనే ఉంది. రొట్టెలమ్మే ఫెలీసితాస్ అతన్ని చేసుకోవడానికి సిద్ధమే, కానీ రిజిస్టరులో చచ్చినవాడికి పెళ్ళి కుదరదు.

"ఒక మొగుణ్ణి పూడ్చిపెట్టాను. ఈసారి ముందే పోయినవాణ్ణి చేసుకోమంటావా? ఆ దొమితీల చేత రాయించుకోవయ్యా, రెండడుగుల దూరం," అనేది.

"ఆవిడ చేతా? దానికంటే చచ్చిపడుండటమే నయం."

చివరికి అతని పాత గిరాకీల్లో మిగిలిన ఒక్కడూ గొర్రెల తగాదా పట్టుకుని పక్క బల్లకు వెళ్ళాడు. అనాక్లేతో ఇక ఆగలేకపోయాడు. కోర్టు నీడలో ఒక్క బల్లే ఉండాలని రాజుల కాలపు నిబంధన ఒకటి వెతికి పట్టి, దొమితీల బల్ల తీయించమని ఫిర్యాదు కొట్టాడు. ఆదివారం చర్చి గుమ్మంలో జడ్జిగారి చేతిలోనే పెట్టాడు. దొమితీలకు నోటీసు వచ్చింది.

"దీనికింత ఆలోచనెందుకు, దోన్యా?" అన్నాడు బంట్రోతు. "ఫిర్యాది చచ్చిపోయాడని ఒక్క ముక్క రాయండి. చచ్చినవాడి ఫిర్యాదు చెల్లదు, కొట్టేస్తారు."

పక్క బల్ల దగ్గర అనాక్లేతో ఆ మాట విన్నాడు. ఆ సంగతి తనకు తట్టనే లేదు. ఇప్పుడు కోర్టే తీర్పిచ్చి మరీ తనని చంపేస్తుంది, ఇక ఫెలీసితాస్ ఆశ వదులుకోవాల్సిందే.

దొమితీల కాసేపు కొట్టి సంతకం పెట్టింది. కాగితం దిగి వెళ్ళింది. సాయంత్రానికి బంట్రోతు మెట్ల మీద నిలబడి ఆవిడ జవాబు చదివాడు:

"ఫిర్యాది నాలుగేళ్ళుగా నన్ను చూసి కుళ్ళిపోతున్నాడు. అందుకు ఈ కూడలంతా సాక్ష్యం. చచ్చినవాళ్ళకు అసూయ ఉండదు. కాబట్టి ఆయన బతికే ఉన్నాడు."

జడ్జిగారు ఒప్పుకున్నారు. రిజిస్టరు దిద్దమన్నారు. ఫిర్యాది బతికున్నాడు గనక ఫిర్యాదూ చెల్లుతుందనీ, బల్ల తీసే సంగతి సోమవారం తేలుస్తామనీ చెప్పారు.

"ఆదివారం తెల్ల చొక్కా వేసుకుని చర్చికి రా," అని ఫెలీసితాస్ రొట్టెల గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

అనాక్లేతో ఆ జవాబు నకలు తీసుకుని మూడుసార్లు చదివాడు, తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు. పదకొండేళ్ళలో తనకెందుకు తట్టలేదు ఈ మాట? అసూయతో నాలుగోసారి చదివాడు.

"ఇలా రాస్తే మీ బల్ల పోతుందని తెలీదా?" అన్నాడు.

"తెలుసు. మరి మీరు పోయారని నా చేత్తో ఎలా కొట్టను, దోన్ అనాక్లేతో? పొద్దస్తమానం మీ గొణుగుడు వింటున్నానుగా."

అతను తన మిషన్‌లో కాగితం ఎక్కించాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని ఒక్క వాక్యం కొట్టి సంతకం పెట్టాడు. సిరా ఆరేదాకా చూశాడు. ఆరాక కూడా చూశాడు. కాగితం లేవలేదు.

దొమితీల చూసిందేమోనని ఓరగా చూశాడు. ఆవిడ మర్యాదగా అటు తిరిగి కూర్చుంది. అనాక్లేతో కాగితం చేత్తో పట్టుకుని తనే మెట్లెక్కాడు.

కిటికీ దగ్గర గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు. "ఎవరి తరఫున?"

"నా తరఫునే," అన్నాడు అనాక్లేతో.