నూకరాజు కొట్టిన తలుపు

కోల్డ్‌ రూమ్ తలుపు తీయగానే నూకరాజు బయటికి ఒరిగాడు. ముడుచుకున్న మోకాళ్లు అలాగే ఉన్నాయి. పిడికిలి విడలేదు. వేళ్ల కణుపుల మీద తోలు లేచిపోయి ఉంది. రొయ్యలు ఒలిచే శివమ్మ ఆ పిడికిలినే చూసింది.

మామిడిపల్లి దారిలో, ఎయిర్‌పోర్టు గోడ పక్కన ఉన్న రొయ్యల షెడ్డు అది. 2011. ముందురోజు బంద్ అని మధ్యాహ్నమే మూసేశారు. కోల్డ్ రూమ్‌కు బయటినుంచి తాళం పడింది. లోపలి పిడి విరిగి నాలుగు నెలలైంది. బాగుచేయించమంటే "దొంగలకు దారి జేయమంటరా" అని నవ్వాడు కాంట్రాక్టర్ బాలమల్లు.

ఇప్పుడు నవ్వలేదు. "డబ్బాలు ఎత్తుకపోదామని దూరిండు. శవాన్ని వ్యాన్ల ఆయన ఊరికి పంపిస్త. మీరు పనికాడికి నడువుండ్రి. నాలుగింటికి సరుకు ఫ్లయిటెక్కాలె."

నూకరాజు లాగే తీరం నుంచి వచ్చిన ముసలి ఎర్రయ్య శవం పక్కన కూలబడ్డాడు. "మావోడు దొంగ కాడు బాబూ. సరుకు సర్దమని నువ్వే పంపినావు."

"ఎవరు చూసిండ్రు? ఆంధ్రోని కోసం మనోళ్లు సాక్ష్యం చెప్తరా?"

శివమ్మ చెవుల్లో నిన్నటి చప్పుడు. టక్. టక్. టక్.

మొన్న అన్నం తింటూ నూకరాజు చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. "మా రేవులో పడవొచ్చిందంటే ఊరంతా పనేనక్కా. ఐసు కొట్టేవోళ్లు, గంపలు మోసేవోళ్లు, వలలు కుట్టేవోళ్లు, టీ కొట్టు ముసలమ్మ, అందరూ దాని మీదే బతికేవోరు. పెద్ద పోర్టని గోడ కట్టి మా దారి మూసేసినారు. మా రొయ్య విమానమెక్కుతాది. దాని ఎనకాల మేం లారీలో వచ్చినాం."

"నా మూడెకరాల మీదనే దిగుతది తమ్మీ ఆ విమానం" అని శివమ్మ నవ్వింది.

అతనింకో మాట కూడా చెప్పాడు. సముద్రంలో మనిషి పోతే, శవం ఒడ్డుకు చేరేదాకా వాళ్ల ఊళ్లో ఏ పడవా కదలదు. చచ్చినవాడు పగవాడైనా సరే.

శివమ్మ వెళ్లి కోల్డ్ రూమ్ గడప మీద కూర్చుంది.

"నేనిన్న. పోయేటప్పుడు చేతులు కడుగుతుంటే ఈ తలుపు మూడు సార్లు మోగింది. మిషన్ అనుకున్న. బస్సులు బంద్ అయితయని భయంతోని అట్లనే అనుకోవాలనుకున్న. బాలమల్లూ, నీ చేతుల అప్పుడు తాళంచెవి ఉండె. నువ్వు ఎనక్కి తిరిగి చూసినవ్."

"వదినా, మీ ఇంట్ల ముగ్గురికి పనిచ్చిన. జర మంచీ చెడూ సోచాయించు."

"సోచాయించే నిన్న చెప్పులేసుకొని పోయిన."

"మన పొయ్యి ఆరిపోతది గదనే" అంది పక్క వరసలో పనిచేసే భాగ్యమ్మ.

లోడింగ్ చేసే ఉపేందర్ భుజం మీది డబ్బా దించాడు. "నేను గూడ ఇన్న. మిషనే అని అక్కకు చెప్పింది నేనే."

భాగ్యమ్మ చాలాసేపు నూకరాజు పిడికిలిని చూసింది. "నేనిన్న" అంది చివరికి. ఆ తర్వాత ఆ మాట పనివాళ్ల వరసలు దాటి గేటు దాకా పోయింది.

"పని చేస్తుంటె సచ్చిండని, తాళం నువ్వే ఏసినవని రాసియ్యి" అంది శివమ్మ. "అందాక శవం వ్యానెక్కదు, సరుకు కదలదు."

ఐసు కరిగి నీళ్లు కాళ్లకింద పారాయి. నాలుగు గంటల విమానం నెత్తిమీద నుంచి పోయింది. తలెత్తి చూసింది బాలమల్లు ఒక్కడే.

బాలమల్లు పిలిచిన పోలీసులు వచ్చి శివమ్మను, ఎర్రయ్యను తమ వ్యాన్‌లోకి తోశారు. తలుపు మూసుకుంది. ఆ చీకట్లో శివమ్మకు ఊపిరాడలేదు. పిడికిలి బిగించి రేకు మీద మూడు సార్లు కొట్టింది.

తర్వాత అదే రేకు మీద, బయటినుంచి, మూడు దెబ్బలు. ఆ పక్కన ఇంకో మూడు. వ్యాన్ చుట్టూ షెడ్డు పనివాళ్ల చేతులే. ముందుకు పోవడానికి దారి లేక డ్రైవర్ ఇంజిన్ ఆపేశాడు.