చెప్పుల పక్కన చంకకర్ర

నేను ఒక చంకకర్రను. వేపకొమ్మగా పుట్టాను. వడ్రంగి చిత్రిక పట్టి, పైన పాత దుప్పటి గుడ్డ చుట్టి, కింద రబ్బరు ముక్క తొడిగి నన్ను మద్దిలేటి చంకకు అప్పజెప్పాడు. బండల గనిలో రాయి జారిపడి అతని కుడికాలు నుజ్జయింది. అప్పటినుంచి అది పేరుకే కాలు, నడిచేది నేనే.

మద్దిలేటికి మర్యాద ఎక్కువ. పెద్దవాళ్ల గదిలోకి వెళ్లాలంటే గడప బయటే చెప్పులు విడుస్తాడు. మట్టిలో తిరిగేదాన్నని నన్నూ వాటి పక్కనే నిలబెడతాడు. వికలాంగుల పింఛను కోసం ఆసుపత్రికి వెళ్లిన రోజూ అంతే చేశాడు. పళ్లు బిగబట్టి, గోడ పట్టుకుని లోపలికి వెళ్లాడు. డాక్టరు తల ఎత్తేసరికి బల్ల ముందు నిలబడి దండం పెడుతున్నాడు. 'ఊతం లేకుండా నడవగలడు' అని రాసేశాడాయన. పింఛను రాదన్నారు. ఊతం బయట చెప్పులకు కాపలా కాస్తోందని ఎవరడిగారు? నాకు ఒళ్లు మండిపోయింది.

గనికి వెళ్లలేడు, పింఛను లేదు. భార్య సాలమ్మ కూలితోనే పొయ్యి వెలగాలి. వకీలును పట్టుకుని కోర్టుకెక్కారు. వాయిదా మీద వాయిదా. ఆ మెట్లు ఎక్కి ఎక్కి నా రబ్బరు అరిగింది గాని కేసు కదల్లేదు. చివరికి పిలుపొస్తే ఈ మహానుభావుడు ఏం చేశాడు? జడ్జిగారి ముందుకు మట్టికర్ర ఎలాగని నన్ను మళ్లీ చెప్పుల పక్కనే పెట్టాడు. నోరుంటే ఆ రోజు తిట్టిపోసేదాన్ని.

తెరిచిన తలుపులోంచి నాకంతా కనిపిస్తోంది. బల్లలు పట్టుకుంటూ ముందుకు వెళ్లాడు. జడ్జిగారు డాక్టరు కాగితం చూసి, మనిషిని చూశారు.

"బాగానే నడుస్తున్నారు కదా. వెళ్లి కూర్చోండి."

మద్దిలేటి కదల్లేదు. బల్లను పట్టుకునే ఉన్నాడు.

"వచ్చేదానికి ఎట్లో వచ్చినా సార్. పోయేదానికే కట్టె కావాల."

"ఏదీ?"

"బయట ఉంది సార్, చెప్పుల కాడ. తమరి ముందరికి దాన్నెట్ల తెచ్చేది?"

జడ్జిగారు తలుపు బయట ఉన్న నన్ను చూశారు. తర్వాత, కర్రతో సహా మళ్లీ పరీక్ష చేయించమని ఉత్తర్వు ఇచ్చారు.

ఇవాళ అదే ఆసుపత్రి, అదే గడప. మద్దిలేటి చెప్పులు విడిచి, అలవాటుగా నన్ను గోడకు ఆనించాడు. ఇన్ని తిప్పలు పడ్డా బుద్ధి రాలేదు కదా అని నా ప్రాణం ఉసూరుమంది.

సాలమ్మ నన్ను అందుకుంది. కొంగుతో నా అడుగున మట్టి తుడిచి, అతని చంకలో పెట్టింది.

"కాలు బయట పెట్టి పోతారా ఎవురన్నా?"

తలుపు తెరుచుకుంది. ముందు నేనే లోపల అడుగుపెట్టాను.