కుదపని క్యాను

పన్నెండేళ్లుగా అదే పని చేస్తున్నా ల్యాబు మేడంకి మూత్రం చూస్తే కడుపులో దేవడం తగ్గలేదు. కీమో ఎక్కించుకున్న మనిషి ఒక రోజంతా పోసినది పెద్ద క్యానులో వస్తుంది. ప్లాటినం మందు ఒంట్లోంచి ఎంత బయటికొచ్చిందో అందులో కొలవాలి. ఏం ఉద్యోగమని బంధువులు అడిగితే "ప్లాటినం పని" అనేది. నగల కొట్టనుకునేవారు. అనుకోనీ, పీడా పోయె!

తెరిచే ముందు క్యాను బాగా కుదపాలి, అడుగున పేరుకున్న మడ్డిలోనూ మందు ఉంటుంది. ఒకసారి కుదుపుతుంటే మూత ఊడి మొహాన చిందింది. నాలుగు రోజులు అన్నం సహించలేదు. అప్పట్నించీ ఎవరూ చూడకపోతే కుదపడం మానేసి, ముక్కు బిగబట్టి, పైన తేరినదే తీసి మిషన్లో పెట్టేది. ఇన్నాళ్లూ మడ్డి లేని క్యాన్లే రావడంతో గడిచిపోయింది.

మొన్న ఒక దర్జీ క్యానులో మడ్డి పేరుకుంది, లెక్క మరీ తక్కువొచ్చింది. మందు బయటికి రావట్లేదు, కిడ్నీలు తట్టుకోవు, మూడో డోసు ఆపేద్దామన్నాడు డాక్టరు. ఆపితే గడ్డ మళ్లీ పెరుగుతుంది. దర్జీ భార్య పరుగున ల్యాబుకొచ్చింది.

"నేనేమైనా తప్పు చేశానా అమ్మా? బస్సులో కూడా ఒళ్లో పెట్టుకుని తెచ్చాను."

తప్పెవరిదో మేడంకి తెలుసు. చెబితే ఉద్యోగం ఊడుతుంది.

"కాస్త క్యానులో పట్టకుండా బయట పోయుంటుందిలెండి. మళ్లీ పట్టి తీసుకురండి, డాక్టరుగారితో నేను చెబుతాను."

ఆమె నెత్తి కొట్టుకుంది. "తెల్లారుజామున నాకు కునుకు పట్టింది. అప్పుడే పోయుంటుంది, పాపిష్టిదాన్ని!"

రెండో క్యానుని మేడం రెండు చేతులా పట్టుకుని చచ్చినట్టు కుదిపింది. నురగ లేచింది, కంపు గొంతులోకి దిగింది. లెక్క సరిగ్గా వచ్చింది. మూడో డోసు ఎక్కించారు.

మర్నాడు దర్జీని చక్రాల కుర్చీలో తోసుకుంటూ వచ్చింది ఆ ఇల్లాలు. "ఈవిడేనండీ, నా పొరపాటు కనిపెట్టి మిమ్మల్ని బతికించింది."

"నిద్రమొహందమ్మా ఇది. దీన్ని నమ్ముకుంటే నేనెప్పుడో పోయేవాణ్ణి," అన్నాడు దర్జీ.

"రోజూ ఇదే మాటమ్మా. నిజమేగా మరి," అని ఆమె తల వంచుకుంది.

పన్నెండేళ్లలో ఏ క్యాను మీదా పుట్టనంత రోత మేడంకి తన మీద తనకే పుట్టింది. చెప్పేద్దామనే నోరు తెరిచింది.

"పోనీలెండి, ఎవరికైనా జరుగుతుంది," అంది.

"మీరు క్షమించారు, అదే చాలు తల్లీ," అంటూ దర్జీ భార్య కళ్లొత్తుకుంది.