రుచి చూసిన మనిషి

రెండు కొబ్బరి బొండాలు పట్టుకుని సరుగుడు చెట్ల నీడలోకి తిరిగొచ్చిన శ్రీరామ్మూర్తికి, భార్య గౌరీశ్వరి ఇసకలో పక్కకి ఒరిగిపోయి, మెడ నుంచి నుదుటి దాకా నిప్పులా ఎర్రబడి, గాలి కోసం నోరు తెరుచుకుని కనిపించింది.

బొండాలు జారి దొర్లిపోయాయి.

"గౌరీ" అని భుజం పట్టి కుదిపాడు. ఆమె కళ్లు తెరిచింది గానీ మాట రాలేదు. గొంతులోంచి పిల్లికూతలు. పక్కన ఇసకలో వాంతి. ఆమెకు చిన్నప్పటి నుంచీ ఉబ్బసం ఉంది. కానీ ఉబ్బసం వస్తే ఇలా ఎర్రబడటం అతను ఎన్నడూ చూడలేదు.

గంట క్రితం ఇద్దరూ నవ్వుకుంటూ భోంచేశారు.

శ్రీరామ్మూర్తి బొబ్బిలి తాలూకాఫీసులో గుమాస్తా. పెళ్లయిన ఆరేళ్లకి, ఆ మే నెలలో, నాలుగు రోజులు సముద్రం చూద్దామని విశాఖపట్నం వచ్చారు. మొదటి రెండు రోజులూ తిండే పెద్ద సమస్య అయింది. బీచి రోడ్డు హోటళ్లలో ధరల బోర్డు చదివి, మంచినీళ్లు తాగి బయటికొచ్చేశారు. బస్టాండు దగ్గర భోజనం చవకే గానీ సాంబారులో నీళ్లు తప్ప ఏమీ లేవు. మూడో రోజు బీచి చివర కరీం బాషా తాటాకుల పాక కంటపడింది. వేడి అన్నం, పప్పుచారు, వంజరం చేప వేపుడు, కుండలో చల్లబెట్టిన నిమ్మ షర్బత్. ధర హోటల్లో సగం కూడా లేదు. రుచి అంతకు రెండింతలు. అందుకే నాలుగో రోజూ అక్కడికే వచ్చారు.

బాషా ఉండేది విశాఖలోనే, పాత ఊళ్లో. రంజాన్ నెల కావడంతో పగలంతా ఉపవాసం. అయినా పొయ్యి దగ్గర నుంచి కదలడు.

"రుచి బాగోలేదంటే పోతమ్మప్పని తిట్టండి సార్. రంజాన్ పెట్టిన కాడ్నుంచి నాకు మద్దేనం నోరే లేదు" అన్నాడు ఆ రోజు కూడా.

పోతమ్మ పక్క పేట మత్స్యకారుల ఇంటి మనిషి. బాషాకి చేపలు అమ్మేది ఆమే. ఉపవాసం ఉన్నవాడి తరఫున ఉప్పూ కారం చూసేదీ ఆమే.

"ఈడిది ఏనుగు సెయ్యి బాబూ. నాను లేకపోతే మీ సేత సముద్రమే తాగించేస్తాడు" అని ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. నమలడం ఆపి మూకుడు వంక చూసింది. తర్వాత "బాగుంది" అని, ఖాళీ తట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

శనివారం కాబట్టి శ్రీరామ్మూర్తి చేప ముట్టలేదు, పప్పుచారుతో సరిపెట్టుకున్నాడు. గౌరీశ్వరి రెండు ముక్కలు తింది.

ఇప్పుడామెను రిక్షాలో వేసుకుని, రోడ్డు మలుపులో ఉన్న చిన్న క్లినిక్కుకి చేర్చాడు. డాక్టరు ఏం తిందో అడిగి, ఒక సూది వేసి, ఆక్సిజన్ పెట్టి, అతన్ని వరండాలోకి తీసుకెళ్లాడు.

"చేప అలవాటేనా?"

"పుట్టినప్పటి నుంచీ తింటోందండీ."

"అయితే చేపైనా పాడై ఉండాలి, దాని మీద ఏ పురుగుమందైనా పడి ఉండాలి. ఈ పాకల్లో ఈగలకి పొడి చల్లుతారు. రెంటికీ ఒకే వైద్యం కాదు. ఉబ్బసం మనిషికి ఊహించి మందివ్వలేను. వెళ్లి తెలుసుకుని రండి. తొందరగా."

శ్రీరామ్మూర్తి పరుగెత్తాడు. కాళ్ల కింద ఇసక జారిపోతోంది.

పాక దగ్గర బాషా మూకుడుకి ఇసక పెట్టి తోమేస్తున్నాడు. చేప ఒక్క ముక్క మిగల్లేదు. అదే చేప తిన్న మిగతావాళ్లు ఒరిస్సా యాత్రికులు, వాళ్ల బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది. సంగతి వినగానే బాషా మూకుడు వదిలేశాడు.

"ఈగల పొడి చల్లావా?"

"సల్లినాను సార్, పొద్దున్న, బల్ల కింద." డబ్బా తీసి చూపించాడు. మూత సరిగ్గా లేదు. "గాలి ఎటేపు కొట్టిందో నాకేటి తెలుసు? నోరు కట్టుకుని పదిమందికి వండుతన్నాను. ఏటైందో నాకే తెలీదు."

"మరి చేప?"

"పోతమ్మప్ప సూసింది కదా."

ఇద్దరూ పేటకి వెళ్లారు. పోతమ్మ ఇంటి ముందు ఎండు చేపలు తిరగేస్తోంది. శ్రీరామ్మూర్తి చేతులు జోడించాడు.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను. ఆ చేప బాగుందా, లేదా?"

ఆమె తల ఎత్తలేదు. "బాగుందని సెప్పినాను కదా బాబూ."

"అయితే నా పొడే సార్" అన్నాడు బాషా. అతని పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "పదండి. డాక్టరు గారికి అదే సెప్పేద్దాం. పోలీసులకి కూడా నానే సెప్తాను."

"ఏటా మాటలు" అంది పోతమ్మ. ఎవరూ ఆగలేదు. కొంత దూరం పోయాక శ్రీరామ్మూర్తి వెనక్కి చూస్తే, ఆమె వట్టి చేతులతో వెంట నడిచి వస్తోంది.

క్లినిక్కులో పిల్లికూతలు వరండా దాకా వినిపిస్తున్నాయి. గౌరీశ్వరి గోళ్లు నీలంగా మారుతున్నాయి. శ్రీరామ్మూర్తి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అంతకు మించి అతను చేయగలిగింది ఏమీ లేదు.

"నా సెయ్యే సార్" అన్నాడు బాషా గుమ్మంలో నిలబడి. "ఈగల మందు పడిపోనాది."

"నిశ్చయంగా?"

బాషా తల ఊపాడు. డాక్టరు బీరువా తెరిచి వేరే సీసా తీశాడు. సిరంజిలోకి మందు ఎక్కించాడు. గౌరీశ్వరి చెయ్యి పట్టి నరం కోసం వెతుకుతున్నాడు.

పోతమ్మ బాషాని పక్కకి తోసి లోపలికొచ్చింది.

"ఆ సూది వొద్దు బాబూ, ఆగండి." డాక్టరు సిరంజి వెనక్కి తీసి ఆమె వైపు తిరిగాడు. "ఆడికేటీ తెల్దు. ఆ సేప నాది. నిన్న గాలి పడిపోయి మా మావ పడవ నడి సముద్రంలో నిలబడిపోనాది. వంజరం మద్దేనమంతా ఎండలో పడుంది, ఐసు లేదు. పొద్దున్న కడిగి ఈడికి అమ్మినాను. ముక్క నోట్లో ఎట్టగానే నాలిక సురుక్కుమంది, మిరియం కొరికినట్టు. ఆ సురుకు ఎండకి సెడిన సేపదని మా పేటలో అందరికీ తెలుసు. ఈడికి తెల్దు, ఈడు నోరు కట్టుకున్నాడు. వొద్దంటే వేపుడంతా ఇసకలో బోర్లించేసి, రేపట్నుంచి నా తట్ట వంక సూడడు. అలాటిది మేం తింటాం బాబూ. మొకం ఎర్రబడతాది, సందేళకి పోతాది. ఆయమ్మకి ఉబ్బసం ఉందని నాకు తెల్దు. తెలిసినా సెప్పుదునో లేదో, అదీ నాకు తెల్దు. బాగుందని నానే అన్నాను."