పొగ రాని గొట్టం

ఆ వీధిలో ఆమెను అందరూ తారాజువ్వ అనేవారు. నిప్పు తగలడమే ఆలస్యం, రివ్వున ఎగురుతుంది. ఆ ఉదయం మేడ మీద బట్టలు ఆరేస్తూ తలెత్తి చూసింది. అద్దకం ఫ్యాక్టరీ గొట్టంలోంచి పొగ రావడం లేదు!

ఆ ఫ్యాక్టరీలో బాయిలరు మేస్త్రీ ఆమె మొగుడే. వీధివాళ్ళు మొరపెట్టుకుంటే, పొగలో మసి హద్దు దాటితే తాళం వేస్తామని అధికారులు చెప్పేశారు. కొలవడానికి వచ్చేది ఇవాళే. ఏదో యంత్రం పెట్టారని ఆయన చెప్పబోయాడు గానీ, ఆయన మాట ఈవిడ ఏనాడు పూర్తిగా విన్నది కనక! తాళం పడిపోయిందన్న మాట. జీతం పోతే ఇల్లెలా గడుస్తుంది? ఉబ్బసంతో రొప్పే కూతురికి మందులెలా?

"కొంప మునిగిందర్రా! ఫ్యాక్టరీ మూసేశారు!"

తడి దుప్పటి భుజాన ఉండగానే పరుగెత్తింది. వెనకాల వీధిలోని ఆడవాళ్ళంతా. కడుపు మీద కొడితే ఎవరూరుకుంటారు?

గేటు దగ్గర యజమాని, పక్కన ఓ అధికారిణి. తారాజువ్వ సరాసరి ఆమె మీదికే వెళ్ళింది.

"పొగ ఆపమన్నాం గానీ మా పొయ్యి ఆర్పమన్నామా?"

"ఎవరే ఆర్పింది?" అంటూ మొగుడు వచ్చాడు, ఒళ్ళంతా చెమట, ముఖమంతా నవ్వు. "బాయిలరు భగభగా మండుతుంటేనూ!"

చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళాడు. వెనకే అందరూ వచ్చారు. నిజమే, ఆ వేడికి నిలబడలేకపోయింది. పక్కనే గదంత ఇనప పెట్టె. అందులో వేలాడే గుడ్డ సంచులు పొగను వడగడతాయట. కింద డబ్బా తెరిచి చూపించాడు. నిండా నల్లటి పొడి, పిండికన్నా మెత్తగా.

"నిన్నటిదాకా ఇదంతా మన పిల్ల పీల్చింది. ఇవాళ కొలిస్తే మసి హద్దులో సగం కూడా లేదట! గెలిచామే!"

ఆమె ఎగిరి గంతేసింది. సిగ్గూ ఎగ్గూ లేకుండా అందరి ముందూ మొగుణ్ణి వాటేసుకుంది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. అంతలో ఏం తోచిందో, యజమాని వైపు తిరిగింది.

"అయ్యా, ఈ పెట్టె ఇప్పుడే కనిపెట్టారా?"

"లేదమ్మా, ఎప్పటినుంచో ఉన్నదే."

"మరి తాళం వేస్తామనేదాకా ఎందుకు పెట్టలేదు?"

యజమాని గేటు వైపు నడిచాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కోపం కూడా ముంచుకొచ్చింది. బయటికి వచ్చి చూస్తే, వీధి చివర ఇంకో రెండు గొట్టాలు దర్జాగా పొగ వదులుతున్నాయి.

"పదండర్రా," అంది. "వాళ్ళనీ అడిగేసి వద్దాం."

అధికారిణి కొలిచే మిషను చంకన పెట్టుకుని వాళ్ళ వెనకే నడిచింది.